‘ఏం జరిగినా మాకు సంబంధం లేదు’ అన్న కాగితానికి విలువెంత?

సందేహం: లాయర్ గారికి నమస్కారం. మాది తిరుపతి. మా పాప యూకేజీ. ఈ నెలాఖరులో ‘ప్రకృతి పాఠం’ అని పిల్లలను స్కూలు బస్సులో తలకోన తీసుకెళ్తున్నారు. తల్లిదండ్రులు సంతకం పెట్టాలని ఒక కాగితం పంపారు. ‘దారిలో గానీ అక్కడ గానీ ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు, ఎలాంటి కేసూ వేయము’ అని అందులో ఉంది. సంతకం పెట్టకపోతే పాపను తీసుకెళ్లరట. పాపేమో రోజూ బ్యాగు సర్దుకుంటోంది. మా అత్తయ్య చిరుతల భయంతో అసలు పంపొద్దంటున్నారు. ఆ కాగితం నిజంగా చెల్లుతుందా? రేపు ఏదైనా జరిగితే కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా? – ఒక తల్లి

జవాబు: చూడమ్మా, ఆ కాగితంలో రెండు వేర్వేరు సంగతులను ఒకే సంతకం కింద కలిపేశారు. పాపను పంపడానికి మీకు సమ్మతమే అన్నది ఒకటి. స్కూలు అజాగ్రత్త వల్ల పాపకు దెబ్బ తగిలినా అడగము అన్నది రెండోది. మొదటిది చెల్లుతుంది, అది అవసరం కూడా. రెండోది కోర్టులో నిలబడదనే నా అభిప్రాయం.

ఎందుకంటే, ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. బేరమాడే శక్తి లేనివాళ్ల చేత పెట్టించుకున్న అన్యాయమైన షరతు కూడా ఆ సెక్షన్ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1986లో ఒక ఉద్యోగి కేసులో చెప్పింది. ‘సంతకం పెట్టు, లేకపోతే నీ పిల్ల ఒక్కతే ఇంట్లో’ అన్నప్పుడు తల్లికి బేరమాడే శక్తి ఎక్కడుంటుంది?

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దెబ్బ తగిలితే పరిహారం అడిగే హక్కు మీది కాదు, పాపది. మైనర్ తరఫున కేసు వేశాక తల్లిదండ్రులు రాజీ పడాలన్నా కోర్టు అనుమతి తీసుకోవాల్సిందే. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 32వ ఆర్డర్, 7వ రూల్ అది. కేసు నడుస్తుండగా జడ్జిగారిని అడగకుండా వదులుకోలేని హక్కును, ఏమీ జరగకముందే స్కూలు ఆయమ్మ తెచ్చిచ్చిన కాగితం మీద మీరు వదులుకోగలరా?

స్కూలు బాధ్యత ఎంతవరకు అంటే నేను ఎప్పుడూ పఠాన్‌కోట్ దగ్గరి కేసే చెబుతాను. 1995 మేలో అక్కడి ఒక స్కూలు పిల్లలను పిక్నిక్ అని బియాస్ నది ఒడ్డుకు తీసుకెళ్లారు. 14 మంది మునిగిపోయారు. టీచర్ల తప్పుకు మేమెందుకు కట్టాలని యాజమాన్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక్కో బిడ్డకు 5 లక్షల చొప్పున హైకోర్టు ఇచ్చిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది. పిల్లలు టీచర్ చేతిలో ఉన్నంతసేపు టీచరే అమ్మానాన్న, ఆ టీచర్ అజాగ్రత్తకు జవాబు చెప్పాల్సింది యాజమాన్యం.

అలాగని ప్రతి గీతకూ స్కూలును కోర్టుకు లాగలేం. పాప పరుగెత్తి మోకాలు గీరుకుంది, కోతి వచ్చి చిప్స్ ప్యాకెట్ లాక్కుంది – ఇవి అడవి దగ్గర మామూలే. టీచర్ ఫోన్ చూసుకుంటుంటే పిల్ల నీళ్లలోకి దిగింది – అది అజాగ్రత్త. స్కూలు జవాబు చెప్పాల్సింది ఇలాంటిదానికే.

ఇక కేసు వేసే దారుల సంగతి. కన్జ్యూమర్ కోర్టు మీద ఆశ పెట్టుకోకండి. చదువుతో పాటు స్కూలు పెట్టే టూర్లు, పిక్నిక్‌లు, ఈత పాఠాలు కూడా వినియోగదారుల చట్టం కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలో తీర్పు ఇచ్చింది. టూర్‌ను ట్రావెల్స్ వాళ్లు నడిపితే వాళ్ల మీద వేయొచ్చు, అది వేరే లెక్క. బస్సు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆరు నెలల్లోపు వేయాలని 2019 సవరణలో పెట్టారు కాబట్టి ఆలస్యం చేయకూడదు. మిగతావాటికి సివిల్ కోర్టు. అక్కడ మాత్రం పాపకు 18 నిండాక వేసుకునే వీలు కూడా లిమిటేషన్ చట్టం ఇస్తుంది. క్రిమినల్ వైపు చూస్తే, ప్రాణం మీదికి తెచ్చే అజాగ్రత్తకు భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్, ప్రాణమే పోతే 106వ సెక్షన్ ఉన్నాయి. బాధ్యత అప్పగించిన సంస్థ సిబ్బందే పిల్లలను కావాలని నిర్లక్ష్యం చేస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టినా పోలీసు కేసు ఆగదు.

మరి సంతకం? పెట్టండి, కానీ ‘సంబంధం లేదు, కేసు వేయము’ అన్న వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేయండి. కింద మీ చేత్తో రాయండి: ‘పాపను ఈ తేదీన తలకోన పంపడానికి సమ్మతిస్తున్నాను. నీళ్లలోకి దింపకూడదు. పాపకు ఫలానా అలర్జీ ఉంది. అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చేసి, దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి.’ ఫొటో తీసుకున్నాకే కాగితం తిరిగి ఇవ్వండి. ఒప్పుకోమంటే, మరో నలుగురు తల్లులతో కలిసి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లండి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు, అయిదుగురు వెళ్తే మీటింగ్ పెడతారు.

ఆ మీటింగ్‌లో నేనైతే ముందు తలకోన ఎందుకని అడుగుతాను. అయిదేళ్ల పిల్లలకు చెట్టూ చీమా చూపించడానికి 270 అడుగుల జలపాతం అక్కర్లేదు. భాకరాపేట ఘాట్ దాటాలి, 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడింది అక్కడే. ఊరి పక్కనే ఎస్వీ జూ పార్కు ఉండగా ఇంత దూరం తిప్పడం నాకైతే నచ్చలేదు. అయినా తలకోనే అంటే, అది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు కాబట్టి అటవీ శాఖ అనుమతి కాగితం చూపించమనండి. బస్సు ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్ కూడా చూడండి. 20 మంది పిల్లలకు ఒక టీచర్, ఒక ఆయా ఉండాలని ప్లే స్కూళ్లకు బాలల హక్కుల కమిషన్ పెట్టిన లెక్క తరగతి గదికే. అడవికి అది చాలదు, రెట్టింపు అడగండి.

మీ అత్తయ్యగారి భయాన్ని కొట్టిపారేయకండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక, మధ్యాహ్నం రెండు దాటితే చిన్న పిల్లలను టీటీడీ నడకదారిలోకి పంపకుండా ఆపింది. తలకోనకు ఆ నిబంధన వర్తించదు గానీ, అదే లెక్కన మధ్యాహ్నం రెండుకల్లా పిల్లలందరినీ బస్సు ఎక్కించాలని కూడా ఆ సమ్మతి కాగితంలోనే రాయించండి.