మాత్ర ఎందుకు మానేశాడు?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. ఫిట్స్‌కి ఆరేళ్లుగా లెవెటిరాసెటామ్ వాడుతున్నాడు. ఏడాదిగా బాగానే ఉందని రెండు నెలల కిందట మానేశాడు. పోయిన వారం ఫిట్స్ వచ్చి పది నిమిషాల దాకా తగ్గలేదు. ఫిట్స్ వల్ల మెదడు కణాలు చచ్చిపోతాయని, దాన్ని ఆపే మందులు వస్తున్నాయని చదివాను. పసుపులో ఉండే కర్క్యుమిన్, విటమిన్ ఇ క్యాప్సూల్స్ వేయొచ్చా? - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది క్యాప్సూల్స్ గురించి. నాకు టెన్షన్ పెట్టింది ఆ పది నిమిషాలు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ. అరగంట దాటితే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ముప్పుంది. ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్లారో లేదో మీరు రాయలేదు.

మీరు చదివింది అబద్ధం కాదు. ఫిట్స్ ఆగకపోతే నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లుటామేట్ అనే రసాయనం మోతాదు మించి, నాడీకణాల్లోకి కాల్షియం వరదలా చేరుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. కణం తనను తానే చంపుకునే ఎపాప్టోసిస్, ఇనుము వల్ల కణం పొరల్లోని కొవ్వు పాడయ్యే ఫెరాప్టోసిస్ లాంటివి మొదలవుతాయి. జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్‌కు ఈ దెబ్బ ఎక్కువ. వీటిని అడ్డుకునే మందులు కొన్ని ఎలుకల్లో పనిచేశాయి. ఫిట్స్ రోగుల్లో కణాల చావును ఆపడానికంటూ ఆమోదం పొందిన మందు మాత్రం ఇంకా లేదు. మీ క్యాప్సూల్స్ మాత్రకు బదులు కావు. ఇప్పటికే కొనుంటే డబ్బా మీ డాక్టర్‌కి చూపించండి.

అసలు మాత్ర ఎందుకు మానేశాడు? ఫిట్స్ రావట్లేదంటే మందు పనిచేస్తోందని, జబ్బు పోయిందని కాదు. పెళ్లిచూపులున్నాయని మానేసినవాళ్లనీ, ఊరెళ్తూ మందుల సంచి మరిచిపోయినవాళ్లనీ ఓపీలో చూస్తూనే ఉంటాను. ఈ మాత్రతో కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. అదే కారణమైతే చెప్పాలి కదా, మందు మారుస్తాం! సాధారణంగా రెండేళ్లయినా ఫిట్స్ లేకుండా ఉంటేనే మానే ఆలోచన చేస్తాం, అదీ మెల్లగా తగ్గిస్తూ. మళ్లీ ఏ డోసుతో మొదలుపెట్టాలో ఈ రోజే న్యూరాలజిస్టును అడగండి. ఫిట్స్ ఆగకపోతే ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఇంట్లో ఉంచాలా అన్నదీ అడగండి.

మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచా పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాలగుత్తి పెడితే ఫిట్స్ ఆగవు. బండి తాళం మాత్రం, డాక్టర్ సరేననే దాకా, అతని చేతికి ఇవ్వకండి.