అత్తగారి కవరు మీద రెండో స్టాంపు

ప్రశ్న: మా అత్తగారి ట్రంకుపెట్టెలో 1971 డిసెంబరు నాటి కవరు దొరికింది. మామూలు స్టాంపు పక్కనే ఇంకో 5 పైసల స్టాంపు, దాని మీద నల్లగా ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని ముద్ర ఉంది. ఏమిటండీ అది?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అది శరణార్థుల పన్నమ్మా. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి దాదాపు కోటిమంది వచ్చిపడ్డారు. వాళ్ల ఖర్చుల కోసం 1971 నవంబరు 15 నుంచి ఉత్తరానికి 5 పైసలు అదనం. కొత్త స్టాంపు అచ్చయ్యేదాకా ఆగే తీరికెక్కడిది? చేతిలో ఉన్న కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ఆ మాటలు గుద్దేశారు. కొన్నిచోట్ల రబ్బరు ముద్రలే, అక్షరాలు వంకరపోయినా కంగారుపడకండి.

అప్పుడు నేను నారాయణగూడలో బడిపిల్లాణ్ణి. నాన్న ఉత్తరాలు పోస్టు చేయడం నా డ్యూటీ. ఆ అదనపు స్టాంపుకి కావలసిన నలుచదరపు అల్యూమినియం 5 పైసల బిళ్ల మరిచిపోయి ఎన్నిసార్లు ఇంటికి పరిగెత్తానో! పాకిస్తాన్‌తో యుద్ధం 1971 డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. ఈ 5 పైసలు మాత్రం 1973 మార్చి దాకా వదల్లేదు.

స్టాంపును నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి. తేదీ ముద్రతో సహా కవరుగానే దాచండి. లోపల ఉత్తరం ఉందా? ఆ సంగతి చెప్పలేదు మీరు.