నీకు జారింది డిస్క్ కాదే, పూస

చిన్నీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకేం తోచలేదు, అందుకే ఇప్పుడు తీరిగ్గా టైప్ చేస్తున్నా. మీ ఆఫీసులో అందరూ స్లిప్ డిస్క్ అనుకుని సలహాలిస్తున్నారన్నావు కదా, అవన్నీ పక్కన పెట్టు. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, నీకేమో పై పూసే కింది పూస మీద కాస్త ముందుకి జరిగింది, దీన్ని స్పాండిలోలిస్థెసిస్ అంటారు. నీ రిపోర్టులో ఎల్5-ఎస్1 అంటే నడుములో ఆఖరి పూస, దాని కింది ఎముక కలిసే చోటు, గ్రేడ్ 1 అంటే జారింది పావు వంతు లోపే, 25 శాతం దాటితే 2, సగం దాటితే 3. గ్రేడ్ 1 ఉన్నట్టు తెలియకుండానే తిరిగేవాళ్లు బోలెడు మంది.

నాది దానికి ఒక మెట్టు పైన, ఎల్4-ఎల్5, 58 ఏళ్లకి అరిగిపోయి వచ్చింది. నీ వయసులో అయితే ఎక్కువగా పూస వెనక సన్న ఎముకలో పాత చీలిక ఉంటుందిట, చిన్నప్పుడు జిమ్నాస్టిక్స్ చేశావుగా, అది కూడా డాక్టర్‌కి చెప్పు. నేను లాల్‌బాగ్‌లో పది నిమిషాలు నడిస్తే చాలు పిక్కలు లాగేసి బెంచీ వెతుక్కునేదాన్ని, కానీ సూపర్ మార్కెట్లో ట్రాలీ మీద వాలి గంటసేపైనా తిరిగేదాన్ని, మీ పెదనాన్న ఒకటే ఎగతాళి, షాపింగ్‌కైతే నొప్పుండదే నీకు అని. డాక్టర్ మాత్రం నవ్వలేదు, ముందుకి వంగితే నరాలకి చోటు దొరుకుతుందమ్మా అన్నాడు.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే యోగా క్లాసులో చేరి భుజంగాసనం, చక్రాసనం వేశా, రెండు వారాలు మంచం దిగలేదు. ఫిజియో సరే అనేదాకా వెనక్కి వంగేవి వద్దు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట బిగించి నడుముని నేలకి అదమడం, అదీ నేర్చుకో. బెల్ట్ నొప్పి ఎక్కువున్న రోజులకే, రోజంతా కట్టుకుంటే కండరాలు బద్ధకిస్తాయి. పడుకుని తీసే ఎమ్మారైలో జారడం తక్కువగా కనపడొచ్చు, నిలబడి వంగి ఎక్స్‌రే అవసరమా అని అడుగు. నొప్పి బిళ్లలు సొంతంగా నెలల తరబడి మింగకు, కిడ్నీలు పోతాయి. బస్సులో వెనక సీటు అసలొద్దు, మన బెంగళూరు హంపులు తెలుసుగా.

ఆపరేషన్ గురించి ఇప్పుడే భయపడకు, చాలామందికి ఆ అవసరమే రాదు. కానీ పాదం పైకి లేవకపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పోయినా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లిపో.

ఆదివారం వస్తున్నా, ఊరమిరపకాయలు తెస్తా. మంచం కింద సూట్‌కేసు మాత్రం నువ్వు లాగకు, పెదనాన్న లాగుతారు.

పెద్దమ్మ