ఖాళీ మెమరీ చూసి మురిసిపోకు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. లినక్స్ కెర్నెల్‌లో ఏ మెమరీ వాడకంలో ఉందో కనిపెట్టేది డేమన్; దాని సాయంతో వాడని మెమరీని ఖాళీ చేసే డేమన్ రీక్లెయిమ్ మాడ్యూల్‌ని ఆన్ చేసి రెండు రోజులైనా ఉలుకూ పలుకూ లేదని, ఎక్కడ తప్పు చేశావో చెప్పమని రాశావు. నీ ఉత్తరం మూడో లైన్‌లోనే నాకు తప్పు కనపడింది. కానీ అదొక్కటే చెప్పి వదిలేస్తే రేపటికల్లా సరిచేసుకుంటావు, ఎల్లుండి అంతకన్నా పెద్ద గోతిలో పడతావు. ఆ గోతిలో నేను పడి లేచినవాణ్ణే. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదువు.

అసలు డేమన్ ఏం చూస్తుందో ముందు తెలుసుకో. మెమరీని రీజియన్లుగా విడగొడుతుంది. ఒక్కో రీజియన్‌లో ఒక్క పేజీని (మెమరీలో చిన్న ముక్క, మామూలుగా 4 కేబీ) పట్టుకుని, దాని యాక్సెస్డ్ బిట్ (పేజీని ముట్టుకున్నప్పుడు సీపీయూ పెట్టే గుర్తు) తుడిచేసి, 5 మిల్లీసెకన్లు ఆగి, ఈలోగా సీపీయూ మళ్లీ దాన్ని పెట్టిందా లేదా చూస్తుంది. ఆ 5 మిల్లీసెకన్లే శాంప్లింగ్ ఇంటర్వెల్. అలా చూసినవన్నీ 100 మిల్లీసెకన్లకోసారి కూడుతుంది, అది అగ్రిగేషన్ విడత. అంటే ఒక విడతలో 20 సార్లు చూస్తుంది. 20కి 20 వస్తే ఆ రీజియన్ వేడిగా ఉన్నట్టు, సున్నా వస్తే చల్లబడినట్టు. పక్కపక్క రీజియన్ల లెక్కలు దగ్గరగా ఉంటే కలిపేస్తుంది, మళ్లీ విడగొట్టి చూస్తుంది. ఎన్ని కలిపినా విడగొట్టినా, నువ్వు మార్చకపోతే రీజియన్ల సంఖ్య 10 నుంచి 1000 లోపే ఉంటుంది. అందుకే మెషీన్ ఎంత పెద్దదైనా దీని ఖర్చు పెరిగిపోదు. వీధికో తలుపు తట్టి ఊరంతటి సంగతీ చెప్పే పద్ధతి ఇది.

మరి ఆ వీధి ఎంత పొడుగో ఒకసారి లెక్క వెయ్యి. నీ మెషీన్‌లో 64 జీబీ ఉంది. రీజియన్లు 1000 అనుకున్నా సగటున ఒక్కోటి 64 ఎంబీ. 4 కేబీ పేజీల్లో చూస్తే 16,000 పైచిలుకు. అన్నిటి తరఫునా ఒక్క పేజీ సాక్ష్యం చెబుతోంది. ఒక్క విడత చూసి ఆ మాట నమ్మకూడదు, అదే మాట చాలాసేపు వరసగా చెబితేనే నమ్మాలి. ఆ 'చాలాసేపు'నే డేమన్ వయసు అంటుంది. నువ్వు పెట్టబోయే అంకెలన్నిటిలోకీ ముఖ్యమైనది ఆ వయసే. దాని గురించి నా అనుభవం చెబుతాను విను.

చాలా ఏళ్లు పనిచేసిన ఒకచోట లెక్కల సర్వర్ ఒకటి ఉండేది. ఆ రోజుల్లో ఈ మాడ్యూల్ కొత్త. డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణకి ఇచ్చిన అంకెలే తెచ్చి పెట్టాను: వయసు 30 సెకన్లు, కోటా (ఎంతవరకూ తియ్యవచ్చో ఆ హద్దు) సెకనుకి 1 జీబీ. అరగంటలో ఖాళీ మెమరీ గీత కొండెక్కింది. స్క్రీన్ దగ్గరికి నలుగుర్నీ పిలిచి మరీ చూపించాను. గంట కొట్టగానే ఫోన్లు మొదలయ్యాయి. ఆ సర్వర్‌లో గంటకోసారి నిద్రలేచే ప్రాసెస్ ఒకటుంది. లేచీ లేవగానే మెమరీలో దాచుకున్న పెద్ద టేబుల్ మొత్తాన్ని తిరగేసి, నాలుగు నిమిషాల్లో పని ముగించి మళ్లీ పడుకుంటుంది. మిగతా యాభై ఆరు నిమిషాలూ ఆ టేబుల్‌ని ముట్టుకునే నాథుడుండడు. డేమన్ దాన్ని చల్లబడిందంది, నేను స్వాప్‌లోకి (మెమరీలోంచి తీసిన పేజీలు దాచే చోటు, మామూలుగా డిస్క్ మీద) నెట్టించాను. నాలుగు నిమిషాల పని ఆ రోజు ఇరవై నిమిషాలు దాటింది.

డేమన్ అబద్ధమాడలేదురా. ఆ పేజీలు నిజంగానే చల్లగా ఉన్నాయి. చల్లబడ్డవీ, ఇక అక్కర్లేనివీ ఒకటే అనుకున్నది నేను.

అందుకని నీకు చెప్పే మొదటి పని: ఏదీ తియ్యకు, ఊరికే చూడు. సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే /sys) కెర్నెల్, ఎమ్ఎమ్, డేమన్, అడ్మిన్ అని వెళితే కేడేమండ్స్ డైరెక్టరీ ఉంటుంది. అందులో ఒక కాంటెక్స్ట్ తయారుచేసి, ఆపరేషన్స్ ఫైల్‌లో ఫిజికల్ అడ్రస్‌ల కోసం పీఅడ్రర్ అని రాయి. స్కీమ్ (ఎలాంటి మెమరీ దొరికితే ఏం చెయ్యాలో చెప్పే నియమం) యాక్షన్‌గా మెమరీలోంచి తీసేసే పేజ్‌అవుట్ కాదు, స్టాట్ పెట్టు. స్టాట్ దేన్నీ కదల్చదు, నువ్వు చెప్పిన వయసుకి, చల్లదనానికి ఎంత మెమరీ సరిపోలిందో లెక్క మాత్రం చెబుతుంది. పాత వ్యాసాలు చదివి డీబగ్ఎఫ్ఎస్‌లో వెతుక్కోకు, ఆ దారి తీసేశారు. చేత్తో ఇన్ని ఫైళ్లు రాయడం విసుగనిపిస్తే యూజర్‌స్పేస్‌లో డామో అనే టూల్ ఉంది, దాని హీట్‌మ్యాప్ రిపోర్ట్ ఒక్కటి చూస్తే చాలు, గంటకోసారి వెలిగే గీత కంటికే కనపడుతుంది. ఆనాడు నేను ఆ బొమ్మ చూసుంటే ఫోన్లు వచ్చేవి కావు.

ఎంతసేపు చూడాలంటావేమో. నీ పని చక్రం ఎంత పెద్దదో అంతసేపు. రాత్రి రిపోర్టులుంటే ఒక పూర్తి రోజు, వారానికోసారి నడిచేవుంటే వారం. వయసు ఆ చక్రం కన్నా ఎక్కువే ఉండాలి. నా సర్వర్‌కి చివరికి 90 నిమిషాలు పెట్టాను.

ఇక్కడ యూనిట్లతో జాగ్రత్త. రీక్లెయిమ్ మాడ్యూల్‌లో మిన్ ఏజ్ మైక్రోసెకన్లలో ఉంటుంది. నువ్వు ముట్టుకోకపోతే 120 సెకన్లు, అంటే 12 కోట్లు. 90 నిమిషాలంటే 540 కోట్లు, పక్కన సున్నాలు లెక్కపెట్టి రాసుకో. అదే సిస్ఎఫ్ఎస్ స్కీమ్‌లో వయసు సెకన్లలోనూ ఉండదు, మైక్రోసెకన్లలోనూ ఉండదు, అగ్రిగేషన్ విడతల్లో ఉంటుంది. విడత 100 మిల్లీసెకన్లైతే వయసు 600 అంటే నిమిషం. రేపు నువ్వు విడతని 2 సెకన్లకి పెంచావనుకో, అదే 600 ఇరవై నిమిషాలవుతుంది. ఇంటర్వెల్ మార్చి స్కీమ్ మార్చడం మర్చిపోయినవాళ్లని ఇద్దర్ని చూశాను. వాళ్లలో ఒకణ్ణి అద్దంలో చూశాను.

ఆ ఇంటర్వెళ్ల మాట వచ్చింది కాబట్టి: 5, 100 అన్నవి చాలా మెషీన్లకి మరీ చిన్నవి. హీట్‌మ్యాప్ అంతా ఒకే చల్లటి రంగులో కనిపిస్తే మెమరీ వాడట్లేదని కాదు, డేమన్ తగినంతసేపు చూడట్లేదని. రెండూ ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పో. నీ కెర్నెల్ 6.15 గానీ ఆ తర్వాతది గానీ అయితే ఆ పని దానికే అప్పగించవచ్చు. ఇంటర్వెల్స్ గోల్‌లో యాక్సెస్ బీపీ 400 (పదివేలకి 400), అగ్రిగేషన్లు 3, శాంప్లింగ్ కనిష్ఠం 5 మిల్లీసెకన్లు, గరిష్ఠం 10 సెకన్లు అని పెట్టు. చూడగలిగిన యాక్సెస్‌లలో 4 శాతం కంట్లో పడేలా తనంతట తానే సర్దుకుంటుంది.

ఇక నీ సమస్య. ఎనేబుల్డ్ వై అనే ఉంది, కేడేమండ్ (డేమన్ పని చేసే కెర్నెల్ థ్రెడ్) పిడ్ కూడా కనిపిస్తోంది, అయినా ఒక్క బైటూ కదల్లేదు. వాటర్‌మార్కులు, అంటే ఖాళీ మెమరీని బట్టి ఎప్పుడు లేవాలో ఎప్పుడు పడుకోవాలో చెప్పే గీతలు, చూశావా? అవి వెయ్యికి ఇంత అనే లెక్కలో ఉంటాయి: హై 500, మిడ్ 400, లో 200. ఖాళీ మెమరీ 50 శాతం పైనుంటే అవసరం లేదని పడుకుంటుంది. 40 కిందికి దిగితే లేస్తుంది. 20 కన్నా తగ్గితే మళ్లీ పడుకుంటుంది, పరిస్థితి చెయ్యి దాటింది, కెర్నెల్‌లోని మామూలు ఎల్ఆర్‌యూ రీక్లెయిమే (చాలాకాలంగా వాడని పేజీల్ని ముందు తీసేది) చూసుకుంటుందిలే అని. ఇది లెక్కపెట్టే ఖాళీ మెమరీ ఏదనుకున్నావు? మెమ్‌అవైలబుల్ (అవసరమైతే ఖాళీ చెయ్యగలిగింది కూడా కలిపి) కాదు, మెమ్‌ఫ్రీ (అసలు దేనికీ వాడకుండా ఉన్నది). నువ్వు పంపిన దాంట్లో 64 జీబీకి మెమ్‌ఫ్రీ 3 జీబీ ఉంది. వెయ్యికి 47. మిగతాదంతా ప్రోగ్రాములూ, పేజ్ క్యాషూ (డిస్క్ నుంచి చదివిన ఫైళ్ల కాపీలు) ఆక్రమించాయి, నాలుగు రోజులుగా నడుస్తున్న చాలా సర్వర్లలో అంతే. లో గీత 200 దగ్గరుంటే 47కి అది లేచే ప్రసక్తే లేదు. నువ్వు ఆన్ చేసిన క్షణం నుంచీ నిద్రపోతూనే ఉంది.

హై 150, మిడ్ 100, లో 10 పెట్టి చూడు. అంకెలు మార్చాక కమిట్ ఇన్‌పుట్స్‌లో వై రాయాలి. లేకపోతే ఫైల్‌లో కొత్త అంకె కనపడుతుంది, నడిచేది మాత్రం పాత అంకెతోనే.

కోటా విషయంలో పిసినారిగా ఉండు. మొదట్లో ఉండేవి సెకనుకి 10 మిల్లీసెకన్ల సీపీయూ సమయం, 128 ఎంబీ. వాటిని పెంచకు, కావాలంటే ఎంబీ లెక్క ఇంకా తగ్గించు. కోటా చాలకపోతే ఎక్కువ చల్లగా, ఎక్కువ వయసున్న వాటినే ముందు తీస్తుంది. అంటే కోటా ఎంత బిగిస్తే ఎంపిక అంత మేలు. కొత్త కెర్నెళ్లలో కోటా మెమ్ ప్రెషర్ అని ఒకటుంది, పీఎస్ఐ ప్రెషర్ (మెమరీ కోసం పనులు ఆగిన సమయం) ఇంత వచ్చేవరకూ నెట్టు అని చెప్పవచ్చు. బాగుంటుంది, కానీ నీకు ఇప్పుడే వద్దు.

మొదటి వారం స్కిప్ అనాన్ వై పెట్టి ఫైల్ పేజీలతోనే నడిపించు. అనానిమస్ పేజీలు (వెనక ఫైల్ లేని, ప్రోగ్రాముల సొంత మెమరీ) తియ్యాలంటే స్వాప్ గానీ జెడ్‌ర్యామ్ (మెమరీలోనే కుదించి దాచేది) గానీ ఉండాలి. అవి లేకుండా స్కిప్ తీసేస్తే ట్రైడ్ బైట్లు (తియ్యబోయినవి) ఆకాశాన్నంటుతాయి, రీక్లెయిమ్డ్ బైట్లు (నిజంగా తీసినవి) నేలమీదే ఉంటాయి. ఆ రెండు లెక్కల మధ్య ఎడం ఎప్పుడు పెరిగినా కారణం వెతుకు. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు (4 కేబీ బదులు 2 ఎంబీ ఉండే పెద్ద పేజీలు) వాడుతుంటే ఇంకో సంగతి: 2 ఎంబీకంతా కలిపి యాక్సెస్డ్ బిట్ ఒక్కటే. అందులో 4 కేబీ వేడిగా ఉన్నా మొత్తం వేడిగానే కనిపిస్తుంది. చల్లటి మెమరీ అనుకున్నదానికన్నా తక్కువ తేలితే అక్కడ చూడు.

నువ్వు రోజూ చూడాల్సింది వీఎమ్‌స్టాట్‌లో (/proc/vmstat ఫైల్) మూడే అంకెలు: వర్కింగ్‌సెట్ రీఫాల్ట్ అనాన్, వర్కింగ్‌సెట్ రీఫాల్ట్ ఫైల్, పీజీ మేజ్ ఫాల్ట్ (పేజీ కోసం డిస్క్ దాకా వెళ్లాల్సి వచ్చిన సార్లు). తీసేసిన పేజీ మళ్లీ కావాల్సి వచ్చి వెనక్కి తెచ్చుకుంటే రీఫాల్ట్ పెరుగుతుంది. ఆన్ చెయ్యకముందు వారం లెక్కలు రాసి పెట్టుకున్నావా? పెట్టుకోలేదని నాకు తెలుసు. ఇవాళ ఆఫ్ చేసి ఆ పని మొదలుపెట్టు. ఎలాగూ అది నిద్రలోనే ఉంది, పోయేదేం లేదు.

ఆఫ్ చెయ్యడమంటే ఎనేబుల్డ్‌లో ఎన్ రాస్తే సరి. కానీ అది అప్పటికే స్వాప్‌లోకి నెట్టినవి వాటంతటవే వెనక్కి రావు, ఎవరో ముట్టుకున్నప్పుడు ఒక్కొక్కటీ వస్తాయి. ఆఫ్ చేశాక కూడా కాసేపు నెమ్మదిగానే నడుస్తుంది. కంగారుపడి స్వాప్‌ఆఫ్ కొట్టకు, ఉన్నదంతా ఒక్కసారి లోపలికి లాగి మెషీన్‌ని ఇంకా ఇరకాటంలో పెడతావు.

ఒక్క మెషీన్ మీదే చెయ్యి. బూట్ లైన్‌లో అప్పుడే పెట్టకు, రీబూట్ కొడితే అంతా పోయేలా ఉండనీ. పక్కనే అదే పని చేసే ఇంకో మెషీన్‌ని ముట్టుకోకుండా వదిలెయ్యి, పోల్చుకోవడానికి.

రెండు వారాలయ్యాక రెండు మెషీన్ల రీఫాల్ట్ లెక్కలు, కోటా ఎన్నిసార్లు దాటిందో ఆ లెక్క పంపు. ఖాళీ మెమరీ గ్రాఫ్ మాత్రం పంపకు, నేను చూడను.

ఇట్లు,
మావయ్య