లెన్సులు అమ్ముకోకండి, ఈఎంఐ మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: వయసు 33. సొంతూరు నెల్లూరు, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం చేతికి 92,000. అద్దెతో కలిపి నెల ఖర్చు 72,000, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్ పొదుపు) 12,000. శనాదివారాలు పెళ్లి ఫోటోలు తీస్తాను. కిందటేడు 16 కార్యక్రమాలకు 4.2 లక్షలు వచ్చాయి. అసిస్టెంట్లు, ప్రయాణాలు, ఆల్బమ్‌లు పోగా 2.3 లక్షలు మిగిలాయి. నా దగ్గర కెనాన్ 80డి, ఈఎఫ్ 24-70 ఎఫ్2.8, 70-200 ఎఫ్4, 50 ఎఫ్1.8, కిట్‌తో వచ్చిన 18-135, రెండు గోడాక్స్ ఫ్లాష్‌లు ఉన్నాయి. అన్నీ కలిపి 1.35 లక్షలకు అడుగుతున్నారు. సోనీ ఏ7 4 బాడీ, రెండు లెన్సులు 5.4 లక్షలు. క్రెడిట్ కార్డు మీద 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. కెనాన్ ఆర్6 మార్క్ 2 బాడీ ఒక్కటే అయితే 1.86 లక్షలు, పాత లెన్సులు దానికి తగిలించే అడాప్టర్ 12,000. ఆ బాడీ అద్దెకు అయితే రోజుకు 2,500. 35,000 పెట్టి ఫిల్ము కెమెరా కొని, ఫిల్ము ప్యాకేజీ కూడా పెడదామని మా ఆవిడ అంటోంది. ఎఫ్‌డీలో 3.1 లక్షలు, సేవింగ్స్‌లో 1.5 లక్షలు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కెమెరా సంగతి పక్కన పెట్టి మీ 4.6 లక్షలు చూద్దాం. నెలకు 72,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలల అత్యవసర నిధి అంటే 4.32 లక్షలు. అంటే మీరు ‘పొదుపు’ అనుకుంటున్న దాంట్లో నిజంగా కదపదగ్గది 28,000 మాత్రమే. ఐటీ ఉద్యోగం ఒక్కదాని మీద నడిచే ఇల్లు కాబట్టి ఇందులో నేను బేరానికి రాను.

ఇక ఈఎంఐ. 5.4 లక్షలను 24తో భాగిస్తే నెలకు 22,500. జీతంలో ఖర్చులు, సిప్‌లు పోగా మీ చేతిలో మిగిలేది 8,000. మిగతా 14,500 పెళ్లిళ్ల డబ్బులోంచి రావాలి. పెళ్లిళ్లేమో నెలనెలా ఉండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మన వాళ్లు చేయరు. తమిళుల పెళ్లిళ్లు పట్టుకుందామంటే వాళ్లకు ఆడి, మార్గళి మాసాలు అడ్డం. మధ్యలో మూఢం వచ్చిందంటే వరసగా వారాలు ఖాళీ. కార్డు బిల్లుకు మూఢం ఉండదు. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోయినా మిగిలిన బాకీ మీద నెలకు 3 శాతం పైన వడ్డీ పడుతుంది. అప్పుడు ఇంతసేపు వేసుకున్న లెక్కలన్నీ తారుమారు.

పైగా ‘నో కాస్ట్’ అన్న మాట పూర్తిగా నిజం కాదు. సున్నా శాతం వడ్డీ అనేది లేనేలేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఇక్కడ జరిగేది ఏమిటంటే, వడ్డీకి సరిపడా మొత్తాన్ని దుకాణం ముందే ధరలో తగ్గిస్తుంది, బ్యాంకు ఆ తగ్గిన ధరను అప్పుగా రాసుకుని వడ్డీ వసూలు చేస్తుంది. వడ్డీ 15 శాతం అనుకుంటే, నెలకు 22,500 చొప్పున 24 నెలలకు అసలు 4.64 లక్షలు, వడ్డీ సుమారు 76,000. కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి 13,700 దాకా మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. కార్డు పరిమితిలో చాలా భాగం అప్పు తీరేదాకా బిగుసుకుపోతుంది. మరో సంగతి, ఈఎంఐ కోసం 76,000 వదులుకోగలిగిన దుకాణం నగదు ధరలో అందులో కొంతైనా తగ్గించగలదు. ఎప్పుడు కొన్నా ఆ బేరం మాత్రం ఆడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, సోనీయా కెనానా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే సోనీ వైపు మొగ్గడానికి గట్టి కారణమే ఉంది. సోనీ ఈ-మౌంట్‌కు (మౌంట్ అంటే బాడీకి లెన్సు తగిలించే చోటు) సిగ్మా, టామ్రాన్ కంపెనీల ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్ము అంత సెన్సర్) ఆటోఫోకస్ లెన్సులు చాలా ఉన్నాయి, సొంత కంపెనీ లెన్సుల కంటే బాగా చవక. కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కు ఆ రెండు కంపెనీలూ 2024లో లెన్సులు తెచ్చినా, అవి అంతకంటే చిన్నదైన క్రాప్ సెన్సర్ కోసం చేసినవి. సోనీ కొనమనేవాళ్లు చెప్పేది ఈ లెక్కే. కానీ మీరు కొత్తగా మొదలుపెట్టడం లేదు. మీ పెట్టుబడిలో పెద్ద భాగం బాడీలో లేదు, లెన్సుల్లో ఉంది.

మీ దగ్గరున్న పాత రకం ఈఎఫ్ లెన్సుకు, సెన్సర్‌కు మధ్య ఉండాల్సిన దూరం 44 మిల్లీమీటర్లు, ఆర్6 మార్క్ 2 వాడే ఆర్‌ఎఫ్‌లో 20. కెనాన్ అడాప్టర్ ఆ మిగిలిన 24 మిల్లీమీటర్లు పూడ్చే గొట్టం, అంతే. అందులో గాజు లేదు కాబట్టి బొమ్మ నాణ్యత తగ్గదు. కెనాన్ సొంత ఈఎఫ్ లెన్సులకు ఆటోఫోకస్, స్టెబిలైజేషన్ మామూలుగానే పనిచేస్తాయి. పైగా మీ 24-70 ఇన్నాళ్లూ 80డి క్రాప్ సెన్సర్ మీద 38-112 లాగా ఉంది. ఫుల్‌ఫ్రేమ్ మీద పెట్టగానే 24 అంటే నిజంగా 24. ఇరుకు మంటపంలో బంధువులందరినీ ఒక ఫ్రేములో పట్టడానికి ఇంకో వైడ్ లెన్సు కొనే ఖర్చు తప్పింది. మీ 80డి ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీలు ఆర్6 మార్క్ 2లో కూడా పడతాయి, వరసగా కొట్టేటప్పుడు వేగం కాస్త తగ్గొచ్చు. గోడాక్స్‌లు కెనాన్ రకమే కాబట్టి అవీ ఉంటాయి. సోనీకి వెళ్తే బ్యాటరీలు, ఫ్లాష్ ట్రిగ్గర్ కొత్తవి కొనాలి. కెనాన్ రకం ఫ్లాష్ సోనీ మీద పెడితే టీటీఎల్ (ఫ్లాష్ వెలుతురు దానంతటదే సరిపడటం) రాదు. ఈ చిల్లర సామానుకే 30,000 వేసుకోండి.

18-135 ఒక్కటి మాత్రం వదిలించుకోండి. అది క్రాప్ సెన్సర్ కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సు. ఆర్6 మార్క్ 2 మీద పెడితే కెమెరా దానంతటదే క్రాప్‌లోకి వెళ్లి 24 మెగాపిక్సెల్స్ కాస్తా తొమ్మిదిన్నర దగ్గరికి పడిపోతాయి. 10,000 వస్తే ఇచ్చేయండి.

మూడేళ్ల తర్వాత బాడీకి కొన్న ధరలో 40 శాతం, లెన్సులకు 60 శాతం వస్తుందనుకుందాం. సోనీ దారిలో బాడీ 2.1 లక్షలు, లెన్సులు 3.3 లక్షలు అనుకుంటే తరుగు 2.58 లక్షలు, చిల్లర సామాను 30,000 కలిపితే ఏడాదికి 96,000. కెనాన్ దారిలో, అడాప్టర్‌కు తిరిగి ఏమీ రాదనుకుంటే, బాడీ, అడాప్టర్ తరుగు ఏడాదికి 41,000. మీ పాత సామాను కూడా ఊరికే కూర్చోదు, 1.35 లక్షలది మూడేళ్లలో 75,000కు దిగుతుందనుకుంటే ఏడాదికి మరో 20,000. మొత్తం 61,000. తేడా ఏడాదికి 35,000. ఇది భరించలేనిదేం కాదు, అసలు ఇబ్బంది అక్కడ లేదు. సోనీకి పాత సామాను అమ్మగా ఇంకా 4.35 లక్షలు ఇప్పుడే బయటికి తీయాలి, కెనాన్‌కు 2 లక్షల లోపు. మీ దగ్గర అంత తీసే సొమ్ము లేదు కాబట్టే ఈఎంఐ మాట వచ్చింది.

సోనీ 33 మెగాపిక్సెల్స్ సంగతి కూడా చెప్పాలి, చాలామంది దానికే పడిపోతారు. మీరు ఇచ్చేది 12×36 కరిజ్మా ఆల్బమ్ అయితే ఒక పేజీ 12×18 అంగుళాలు. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 18 అంగుళాల వైపు కావాల్సింది 5,400 పిక్సెల్స్. 24 మెగాపిక్సెల్ ఫైలు పొడవు 6,000. సరిపోయింది. 33 వల్ల ఆల్బమ్‌లో కనిపించే లాభం ఏమీ లేదు, హార్డ్‌డిస్కులు మాత్రం త్వరగా నిండుతాయి.

అయితే 80డితోనే నెట్టుకురమ్మంటానా? అనను. దానికి కార్డు స్లాటు ఒక్కటే. తాళి కట్టే నిమిషంలో తీసిన ఫైళ్లున్న కార్డు చెడిపోతే ఏ సాఫ్ట్‌వేరూ గట్టెక్కిస్తుందన్న నమ్మకం లేదు. పెళ్లివారు అడ్వాన్సు తిరిగి అడిగితే మీ దగ్గర జవాబుండదు. రెండు కార్డుల మీద ఒకేసారి రాసే బాడీ మీ వ్యాపారానికి అవసరమే. కెనాన్‌లోనే ఇంకా చవకగా వచ్చే ఆర్8కు కూడా స్లాటు ఒక్కటే, బ్యాటరీ వేరే రకం, అందుకే అది వద్దు. 80డి షట్టర్ మన్నిక లక్ష క్లిక్కులని కెనాన్ లెక్క. మీది దాటి ఉంటే రేపే ఆగిపోతుందని కాదు, కానీ దాన్ని ఒంటరిగా పెళ్లికి తీసుకెళ్లే రోజులు అయిపోయాయి. రెండో కెమెరాగా ఉంచుకోండి.

కాబట్టి వచ్చే సీజన్ మొదట్లో పెద్ద పెళ్లిళ్లకు మాత్రం ఆర్6 మార్క్ 2ను వడపళని, కోడంబాక్కం వైపు అద్దె షాపుల నుంచి తెచ్చుకోండి. ఐదు పెళ్లిళ్లు, రెండేసి రోజులు అనుకుంటే 25,000. అడాప్టర్ కూడా అద్దెకు తీసుకుని మీ 24-70తోనే తీయండి. కొనే ముందు దీనికంటే మంచి పరీక్ష లేదు.

ఈలోగా పెళ్లిళ్ల డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. కిందటేటి 2.3 లక్షలు ఎక్కడికి వెళ్లాయో మీ ఉత్తరంలో లేదు, జీతంలో కలిసి కరిగిపోయి ఉంటాయని నా అనుమానం. కార్యక్రమానికి మీకు సగటున మిగిలేది 14,375. అందులో 10,000 కెమెరాకు పక్కన పెడితే 16 కార్యక్రమాలకు 1.6 లక్షలు. కదపదగ్గ 28,000, 18-135 అమ్మితే వచ్చే 10,000 కలిపితే 1.98 లక్షలు, అంటే బాడీ, అడాప్టర్. మిగిలిన 70,000లో 20 శాతం శ్లాబు అనుకుంటే 46,000 పన్నుకు, 24,000 అద్దెకు దాదాపు సరిపోతుంది. ఏడాదికి పది కార్యక్రమాలకు మించి రావడం లేదని తేలితే అసలు కొనకండి. పదికి రెండేసి రోజుల అద్దె 50,000 అవుతుంది, సొంత బాడీ తరుగుకూ దీనికీ తేడా తొమ్మిది వేలే, పైగా 2 లక్షలు ఖాతాలో ఉంటాయి.

పన్ను మాట వచ్చింది కాబట్టి: ఈ ఆదాయాన్ని జీతంతో పాటు రిటర్నులో చూపాలి, ఐటీఆర్-1 పనికిరాదు. పాత చట్టంలో 44ఏడీగా తెలిసిన అంచనా పద్ధతిలో బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో కనీసం 6 శాతం లాభంగా చూపాలి, నిజంగా మిగిలింది ఎక్కువైతే ఎక్కువే చూపాలి. ముందస్తు పన్ను మార్చి 15 లోపు ఒకేసారి కట్టొచ్చు. ఈ పద్ధతిలో కెమెరా తరుగు విడిగా తీసేయడం కుదరదు. ఖాతా పుస్తకాలు రాస్తే 15 శాతం తరుగు వస్తుంది, కానీ ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే. ‘పన్ను కలిసొస్తుంది’ అని మార్చిలో కెమెరా కొనడం అందుకే తెలివితక్కువ పని. సేవల రాబడి 20 లక్షలు దాటితే తప్ప జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అంటే మీరు కట్టే 18 శాతం వెనక్కి రాదు. ధరలు ఎప్పుడూ జీఎస్టీ కలిపే పోల్చండి. బిల్లు లేని ‘గ్రే’ సరుకు పది వేలు తక్కువని తీసుకుంటే వారంటీ, బీమా రెండూ పోతాయి. బయటి పనికి ఆఫీసు అనుమతి ఉందో లేదో కూడా నియామక పత్రంలో చూసుకోండి.

మీ ఆవిడ ఆలోచనను కొట్టిపారేయను. డిజిటల్‌లో పెట్టుబడి ముందే పెట్టాలి, ఫిల్ములో ఖర్చు పని వచ్చినప్పుడే పుడుతుంది, దాన్ని పెళ్లివారి అడ్వాన్సు నుంచే తీయొచ్చు. రోలు 1,100, కడగడం, స్కాన్ 700 అనుకుంటే 36 ఫ్రేములకు 1,800, నొక్కిన ప్రతిసారీ 50 రూపాయలు. ఐదు రోళ్ల ప్యాకేజీకి మీ ఖర్చు 9,000, కాబట్టి 15,000కు తగ్గించి ఒప్పుకోకండి. ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము కాలం పోయింది, ఇప్పుడు కలర్ రోళ్లు దిగుమతి సరుకు, డాలరుతో పాటు ధర కదులుతుంది. కోట్‌లో ‘రోళ్ల ధర ఆనాటి రేటు ప్రకారం’ అని రాయండి. జీలకర్ర-బెల్లం, తాళి, తలంబ్రాలు ఫిల్ము మీద మాత్రమే తీయకండి. లోపల వెలుతురు ముద్ర పడిందో, రోలు చక్రానికి పట్టుకోలేదో కడిగాక గానీ తెలియదు. పాత కెమెరాలో వెనక తలుపు చుట్టూ ఉండే నురుగు పట్టీ జిగురైపోతే కాంతి కారుతుంది, దాన్ని చూడకుండా 35,000 ఇవ్వకండి. మూడు బుకింగ్‌లు అడ్వాన్సుతో సహా వచ్చేదాకా కెమెరా అద్దెకో, అరువుకో.

చివరగా, మీరు అడగనిది. వేళచ్చేరి 2015 డిసెంబరులో, 2023 మిచాంగ్ తుపానులో నీళ్లలో ఉంది. సరిగ్గా అదే ధనుర్మాసం చుట్టుపక్కల మీ సామాను పని లేక ఇంట్లో ఉంటుంది. మామూలు ఇంటి బీమా వృత్తి సామానుకు వర్తించకపోవచ్చు. ప్రతి వస్తువు సీరియల్ నంబరుతో, వరద, చోరీ కలిపి ‘ఆల్ రిస్క్’ పాలసీ అడగండి. ఎవరూ లేని కారులోంచి పోతే ఇస్తారా అని విడిగా రాతపూర్వకంగా తెలుసుకోండి. చెన్నై తేమకు లెన్సులో ఫంగస్ పట్టిందంటే పైన వేసిన 60 శాతం లెక్క గాలికిపోయినట్టే. డ్రై క్యాబినెట్‌లో తేమ 40-50 శాతం మధ్య ఉంచండి, అక్టోబరు రాకముందే దాన్ని నేల మీంచి నడుము ఎత్తుకు మించిన అరలోకి ఎక్కించండి.