మాస్క్ మీద రాస్తున్నారా, ఫొటో మీదా?

ప్రశ్న: అన్నా, గండికోటలో పొద్దు పొడిచేటప్పుడు లోయ ఫొటో తీస్తే ఆకాశం బాగా వచ్చిన ఫొటోలో రాళ్లు నల్లగా ఉంటున్నాయి, రాళ్లు బాగా వచ్చిన దాంట్లో ఆకాశం తెల్లగా పాలిపోతోంది. అందుకే రెండూ తీసుకుని, ఆకాశం బాగున్నది పైన, రాళ్లు బాగున్నది కింద పెట్టి ఐప్యాడ్‌లో మాస్క్ వేశాను. నల్ల బ్రష్‌తో రాళ్ల మీద రుద్దితే కింది ఫొటో కనబడాలి కదా? నాకేమో ఫొటో మీదే నల్ల గీతలు పడుతున్నాయి. (ఒక పాఠకుడు, జమ్మలమడుగు)

జవాబు: మాస్క్ బాగానే ఉంది, కాకపోతే మీరు రాస్తున్నది దాని మీద కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరల్లో ఒక్కోటి ఒక లేయర్, అందులో ఎక్కడ కనిపించాలో ఎక్కడ దాగాలో చెప్పేది మాస్క్. మాస్క్ వేసిన లేయర్‌కు ఫొటో ఒకటి, మాస్క్ ఒకటి, రెండు చిన్న బొమ్మలు ఉంటాయి, ఏది సెలెక్ట్ అయి ఉంటే బ్రష్ రంగు దాని మీదే పడుతుంది. ఐప్యాడ్ ఫొటోషాప్‌లో లేయర్లను వివరంగా చూపించే వ్యూ పెట్టుకుంటే ఈ రెండూ తేలిగ్గా కనిపిస్తాయి. ప్రొక్రియేట్‌లోనైతే మాస్క్ ఫొటో లేయర్‌కు పైన ఇంకో లేయర్‌లా కూర్చుంటుంది. ఏ యాప్ అయినా బ్రష్ పెట్టేముందు మాస్క్ బొమ్మను ఒకసారి తాకండి. ఇప్పుడు పడిన గీతలకు టెన్షన్ వద్దు, రెండు వేళ్లతో స్క్రీన్‌ను ఒకసారి తట్టితే ఒక్కో అడుగు వెనక్కి పోతుంది, మూడు వేళ్లతో తట్టితే మళ్లీ ముందుకొస్తుంది.

అసలు విషయం ఇక్కడి నుంచే మొదలవుతుంది. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట ఆ లేయర్ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాక్కుంటుంది, ఇది అందరూ చెప్పేదే. కానీ మామూలు 8 బిట్ ఫైల్‌లో నలుపు 0 నుంచి తెలుపు 255 దాకా మొత్తం 256 మెట్లున్నాయి, చాలామంది ఆ రెండు చివరలే వాడి మధ్యలోవన్నీ వదిలేస్తున్నారు. నడిమి బూడిద రంగు వేస్తే పై ఫొటో సగం, కింది ఫొటో సగం కలిసి కనిపిస్తాయి. గండికోట ఫొటోకు కావలసింది అదే. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు మన వైపు రాళ్లు నీడలోనే ఉంటాయి, వాటిని మిట్టమధ్యాహ్నం తీసినట్టు వెలిగిస్తే చూసేవాళ్లు నమ్మరు. అందుకే రాళ్ల మీద మాస్క్‌లో పూర్తి నలుపు వేయొద్దంటాను. బ్రష్ ఫ్లో, అంటే ఒక్కో రుద్దుకు పడే రంగు, బాగా తగ్గించి, పది శాతానికో పదిహేనుకో పెట్టి, ఒకే చోట కొంచెం కొంచెంగా రుద్దుతూ పోండి, రాతి పొరల ఎరుపు కనిపించీ కనిపించగానే ఆపేయండి. లోయ అడుగున పెన్నా నీళ్ల మీద పడే వెలుగు మాత్రం ఆకాశం ఫొటోలోదే ఉంచండి, ఆకాశానికీ నీళ్లకూ వెలుగు కుదరకపోతే ఎక్కడో అతికించినట్టు తెలిసిపోతుంది.

ఇక అంచు. మెత్తటి పెద్ద బ్రష్‌తో కొండ గీత మీదుగా లాగేస్తే ఆకాశంలోకి ఒక తెల్లటి వెలుగు పట్టీ పాకుతుంది, ఫోన్‌లో కనబడదు గానీ ప్రింట్ వేస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు ఆకాశాన్ని సెలెక్ట్ చేసి, ఆ సెలెక్షన్‌ను తిరగేసి, మాస్క్‌లో ఆ రాళ్ల భాగం లోపలే పలచగా రుద్దండి, తర్వాత బాగా జూమ్ చేసి రాళ్ల అంచును కాస్త గట్టి బ్రష్‌తో దిద్దండి. దూరాన మంచులో కలిసిపోయే కొండలకు మాత్రం గట్టి అంచు పనికిరాదు, అక్కడ మెత్తటి బ్రష్షే. గాలికి ఊగే ముళ్లచెట్లను ఒక్క ఫొటో నుంచే తీసుకోండి, లేకపోతే ఒక్కో కొమ్మ రెండుగా కనిపిస్తుంది. రెండు ఫొటోలూ కదలకుండా ట్రైపాడ్ మీద తీయండి, ట్రైపాడ్‌ను అంచు దగ్గరికి తీసుకుపోకండి, అక్కడ కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న: అనంతపురంలో స్టూడియోలో పనిచేస్తున్నాను. పెళ్లికూతురు ఫొటోలకు బ్యాక్‌గ్రౌండ్ మార్చమంటారు. ఎరేజర్‌తో తుడిచేస్తున్నాను, జుట్టు దగ్గరా జడలో మల్లెపూల దగ్గరా కత్తిరించినట్టే వస్తోంది. మాస్క్ వాడితే ఏమైనా తేడా ఉంటుందా?

జవాబు: చాలా తేడా ఉంటుంది, ఎరేజర్‌ను ఈ పనికి ఈరోజే మానేయండి. ఎరేజర్‌తో తుడిచి సేవ్ చేసి ఫైల్ మూసేశాక ఆ వెంట్రుకలు మళ్లీ రావు. మాస్క్‌లో దాచినవి లేయర్‌లోనే ఉంటాయి, ఆల్బం ప్రింటుకు పోయే ముందు పెళ్లివాళ్లు వచ్చి జడ సగం పోయిందంటే తెల్ల బ్రష్‌తో రెండు సార్లు రుద్ది తిరిగి తేవచ్చు. కస్టమర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఇది ఎంత ధైర్యమో మీకే తెలుస్తుంది.

పద్ధతి ఏమిటంటే, మనిషిని సెలెక్ట్ చేసే టూల్‌తో ముందు మొత్తం అంచు పట్టుకోండి, తర్వాత సన్నటి అంచులను విడదీసే రిఫైన్ బ్రష్‌ను జుట్టు చివర్ల మీద మాత్రమే తిప్పండి. చెంప మీద, పట్టుచీర అంచు మీద తిప్పితే అక్కడ చిల్లులు పడతాయి. ఆ సెలెక్షన్‌ను మాస్క్‌గా మార్చాక, ఫొటో కింద ఒక ముదురు ఆకుపచ్చ లేయర్ నింపి చూడండి. దాక్కోకుండా మిగిలిన పాత గోడ ముక్కలు, పొరపాటున మాయమైన చెవికమ్మలు అన్నీ అప్పుడే బయటపడతాయి. తెల్ల గోడ ముందు మల్లెపూలుంటే ఏ టూలూ పూలనూ గోడనూ సరిగ్గా విడదీయలేదు, అక్కడ చిన్న గట్టి బ్రష్‌తో ఒక్కో పువ్వు చుట్టూ చేత్తో గీయాల్సిందే. ఆలస్యమవుతుంది, అయినా ఆ ఆల్బం వాళ్లింట్లో ఎన్నో ఏళ్లు ఉంటుంది కాబట్టి చేయాలి.

ఇంత చేసినా జుట్టు చివర్లలో పాత గోడ రంగు మిగిలిపోవచ్చు. అది మాస్క్ తప్పు కాదు, ఆ వెంట్రుకల మీదే గోడ వెలుగు పడి ఉంటుంది. పైన కొత్త లేయర్ వేసి, దాన్ని ఫొటోకు క్లిప్పింగ్ మాస్క్‌గా కట్టి, బ్లెండ్ మోడ్ (కింది లేయర్‌తో కలిసే తీరు) కలర్‌లో పెట్టి, జుట్టు రంగే తీసుకుని చివర్ల మీద పలచగా వేయండి.

ప్రశ్న: ఆ క్లిప్పింగ్ మాస్కూ లేయర్ మాస్కూ ఒకటేనా? ఇంకోటి, కర్నూలులో ఫ్లెక్సీ షాపుకు ఫైల్ పంపిస్తే లేయర్లు లేవంటున్నారు.

జవాబు: ఒకటి కాదు. లేయర్ మాస్క్‌లో ఎక్కడ కనిపించాలో మీరు నలుపు తెలుపుతో రాస్తారు. క్లిప్పింగ్‌లో కింది లేయర్ ఆకారమే హద్దు, అక్షరాల లోపల కొండారెడ్డి బురుజు ఫొటో కనిపించాలంటే క్లిప్పింగ్ చాలు. ఫైల్ సంగతికొస్తే, జేపీజీలో లేయర్లు ఉండవు, పీఎన్‌జీలో పారదర్శకత నిలుస్తుంది గానీ లేయర్లూ మాస్కూ నిలవవు. షాపువాళ్లు మార్పులు చేయాలంటే ఫొటోషాప్ సొంత ఫైల్ పీఎస్‌డీ పంపండి, వాట్సాప్‌లోనైతే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: నాది ఆండ్రాయిడ్ టాబ్లెట్. డబ్బులు పెట్టి యాప్ కొనలేను. నాకు దారి లేదా? (కడప నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: ఉందమ్మా. స్నాప్‌సీడ్ ఉచితం, అందులో లేయర్లు లేవు గానీ మాస్క్ ఉంది. పైన చెప్పిన గండికోట ఫొటోలే అనుకుంటే, ఆకాశం బాగున్న ఫొటో తెరిచి, డబుల్ ఎక్స్‌పోజర్ అనే టూల్‌లో రాళ్లు బాగున్న ఫొటోను దాని మీద వేసి, అపాసిటీ పూర్తిగా పెంచి టిక్ కొట్టండి. తర్వాత ఎడిట్ల జాబితాలోకి పోయి, ఆ డబుల్ ఎక్స్‌పోజర్ అనే మెట్టును నొక్కి, బ్రష్ గుర్తు ఎంచుకోండి. కింద 0, 25, 50, 75, 100 అని వస్తాయి, అవే మీ బూడిద రంగులు. ఇక్కడ పైన ఉన్నది రాళ్ల ఫొటో కాబట్టి అంకె పెరిగేకొద్దీ అది ఎక్కువగా కనిపిస్తుంది. రాళ్ల మీద 75తో మొదలుపెట్టి చూడండి, కొండ గీత దగ్గరకు వచ్చాక బాగా జూమ్ చేసి రుద్దండి, గీత దాటి ఆకాశంలోకి పోతే 0 పెట్టి వెనక్కి తుడుచుకోండి.