999 తర్వాత చక్రాలు బిగుసుకుపోతుంటే

మీరు తయారుచేసిన కూడికల యంత్రం 998 వరకు బాగానే తిరిగి, 999కి 1 కలపగానే దాని చక్రాలన్నీ బిగుసుకుపోతున్నాయి అన్నారు కదా. పళ్లు ఎంత అరగదీసినా లాభం లేదండీ, లోపం డిజైన్‌లోనే ఉంది. మీరు పెట్టింది ఒంటి పన్ను క్యారీ (చక్రం 9 దాటగానే దానికున్న ఒకే పన్ను పక్క చక్రాన్ని ఒక అంకె తిప్పడం), 1623లో జర్మన్ పండితుడు షికార్డ్ తన లెక్కల యంత్రంలో వాడిన పద్ధతి. అందులో మూడు చక్రాలనూ ఒకేసారి తిప్పే బలం మీ వేలి నుంచే రావాలి. అంకెలు పెరిగే కొద్దీ ఆ బరువూ పెరుగుతుంది.

ఫ్రెంచ్ గణితవేత్త పాస్కల్ 1642లో మొదలుపెట్టిన లెక్కల యంత్రంలో దీనికి 'సోత్వార్' అనే బరువైన మీట వాడాడు. చక్రం 9 వైపు తిరుగుతుంటే దాని మేకులు ఆ మీటను కొద్దికొద్దిగా పైకి లేపుతాయి. 9 దాటి 0కి రాగానే మేకు జారిపోతుంది, మీట టక్కున కిందపడి, దాని కొక్కెం పక్క చక్రాన్ని ఒక్క అంకె ముందుకు తోస్తుంది. 999 దగ్గర మూడు మీటలూ అప్పటికే పైకి లేచి ఉంటాయి కాబట్టి ఒకటి పడితే చాలు, మిగతావి వరసగా పడతాయి. మీ వేలు తిప్పేది ఒకట్ల చక్రం ఒక్కటే.

ప్రతి చక్రానికీ వెనక్కి తిరగకుండా ఆపే స్ప్రింగు కొక్కెం తప్పనిసరి, లేకపోతే మీట లేచేటప్పుడు పక్క చక్రాన్ని వెనక్కి లాగేస్తుంది. మీట బరువు ఆ స్ప్రింగును గెలిచేంత ఉండాలి. ముందు రెండు చక్రాలతోనే సరిచూసుకోండి.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది: ఇక చక్రాలు వెనక్కి తిరగవు. తీసివేతకు పాస్కల్ లాగే 9ల పూరకం (ప్రతి అంకెనూ 9లోంచి తీసేస్తే వచ్చేది) వాడాలి, అంటే 523 బదులు 476.